పెనుకొండ మామ అడిగిన ప్రశ్న

ధర్మవరంలో ఒక అక్క, హిందూపురంలో ఆమె తమ్ముడు. ఇద్దరూ ఫోన్లోనే పాత సామాన్లు అమ్మేవాళ్లు.

అక్క అమ్మేవి సొంత సామాన్లు. పెళ్లినాటి పట్టుచీరలు, మూలనపడిన కుట్టుమిషను, పిల్లవాడికి చిన్నదైపోయిన సైకిలు. చీరకు ఇస్త్రీ చేసి, వెలుతురు బాగా పడే గడప దగ్గర పరిచి, కొంగు ఒకటి, అంచు ఒకటి, చిరుగు ఉంటే దాన్నీ దాచకుండా ఒకటి ఫోటో తీసి పెట్టేది. వచ్చిన డబ్బు కొడుకు ఫీజుకు పోయేది. ఒకరోజు పక్కింటామె, "ఆన్‌లైన్‌లో అమ్మితే ఇన్‌కమ్‌టాక్స్‌వాళ్లు నోటీసు పంపుతారంట" అన్నది. ఆ రాత్రే అక్క ఫోటోలన్నీ తీసేసింది. మరుసటి వారం "పాత పట్టుచీరలు కొంటాం" అని కేకేసుకుంటూ వీధిలోకి వచ్చినవాడికి, ఫోన్లో ఒకరు 8,000 ఇస్తానన్న చీరను 1,200కు ఇచ్చేసింది.

తమ్ముడి సంగతి వేరు. ఊళ్లో వాడేసిన ఫోన్లు, ఫ్రిజ్‌లు కొని, తుడిచి, చిన్నచిన్న రిపేర్లు చేయించి అమ్మేవాడు. ఫోన్లకు బెంగళూరులో మంచి గిరాకీ. హిందూపురంలో కొరియర్‌కు ఇస్తే చాలు, యూపీఐలో డబ్బు పడేది. "ఇవన్నీ ఒకసారి టాక్సు కట్టిన వస్తువులే, పాతవాటికి మళ్లీ ఏం టాక్సు?" అని అతని ధీమా. ఏది ఎంతకు కొన్నాడో ఎక్కడా రాసుకోలేదు.

వాళ్ల మేనమామది పెనుకొండ. అంగళ్లకు లెక్కలు రాసిపెట్టే మనిషి. పండక్కి ఇద్దరూ అక్కడ కలిసి, మాటల్లో మాటగా ఈ సంగతి ఎత్తారు. ఆయన అంతా విని ముందు మేనకోడలిని అడిగాడు.

"ఆ చీర ఎందుకు కొన్నావమ్మా?"

"కట్టుకునేదానికే మామా."

"నువ్వెందుకు కొన్నావురా ఆ ఫోన్లు?"

"అమ్మేదానికి."

"చట్టం అడిగేదీ అదే. అమ్మా, నువ్వు కట్టుకున్న చీర, నీ ఇంట్లో వాడుకున్న మంచం, సైకిలు అమ్ముకుంటే దానిమీద ఆదాయపు పన్ను లేదు. నువ్వు వ్యాపారం చేయడం లేదు కాబట్టి జీఎస్టీ కూడా లేదు. ఉత్తపుణ్యానికి 6,800 పోగొట్టుకున్నావు."

"అయితే బంగారు గాజులు కూడా అమ్ముకోవచ్చా మామా?"

"అక్కడ మాత్రం ఆగు. నగలు ఒంటిమీద వేసుకున్నవే అయినా ఈ మినహాయింపులోకి రావు. రెండేళ్లకు మించి దగ్గరుంటే లాభం మీద 12.5 శాతం లెక్క కడతారు. అవి మీ అమ్మ ఇచ్చినవి కదా, ఆమె కొన్న ధరే నీ ధర. 2001 ఏప్రిల్‌కు ముందు కొన్నవైతే ఆనాటి విలువ తీసుకోవచ్చు. బిల్లుంటే పారేయొద్దు."

తమ్ముడి వైపు తిరిగాడు. "నీది వ్యాపారంరా అబ్బోడా. ఆంధ్రలోపలే అమ్ముకుంటే ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. గౌరీబిదనూరు దాటి బెంగళూరుకు పంపినావంటే ఆ వెసులుబాటు లేదు, మొదటి ఫోనుకే నమోదు కావాలి. అట్లని హడలిపోవద్దు. 4,000కు కొన్నది 5,500కు అమ్మితే, పాత సామాన్ల వ్యాపారికి మధ్యలో మిగిలిన 1,500 మీదే పన్ను వేసుకునే పద్ధతి ఉంది. 18 శాతం చొప్పున 270 రూపాయలు. కానీ 4,000కే కొన్నానని చూపించాలి గదా? చూపించలేకపోతే మొత్తం 5,500 మీద 990 కట్టాల్సొస్తుంది. రాసుకోనందుకు ఫోనుకు 720 నష్టం. ఇక మిగిలే లాభం ఆదాయమే, రిటర్నులో చూపాల."

"నేనేం దొంగతనం చేసినానా మామా?"

"లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ కథ వినలేదా? ఈ పెనుకొండ ఖజానా చూసినవాడంటారు. రాయల సొమ్ము గుడికే పెట్టినాడు గానీ ఇంటికి మోసుకుపోలేదు. లెక్క చెప్పకుండా పెట్టినాడని రాజుకు కోపమొచ్చి, కళ్లు పోగొట్టుకున్నాడని చెప్పుకుంటారు. నువ్వూ దొంగవు కాదు. లెక్క లేకుంటే ఆ మాట ఎట్ల నిరూపిస్తావు?"

తమ్ముడు ఆ సాయంత్రమే యూపీఐ చిట్టా తెరిచి, ఎవరి దగ్గర ఏ ఫోను ఎంతకు కొన్నాడో గుర్తున్నంత మేరకు రాయడం మొదలుపెట్టాడు. అక్క ఫోటోలు మళ్లీ పెట్టింది.

నీతి: వస్తువు పాతదా కొత్తదా, వీధిలో అమ్మామా ఫోన్లో అమ్మామా అన్నది పన్నుకు మొదటి ప్రశ్న కాదు. వాడుకోవడానికి కొన్నామా, అమ్మడానికి కొన్నామా అన్నదే మొదటిది.

ఇది మన దగ్గరి గందరగోళం మాత్రమే కాదు. బ్రిటన్‌లో ఏడాదికి 30 లేదా అంతకు మించి అమ్మకాలు చేసినవాళ్ల, లేదా సుమారు 1,700 పౌండ్లు దాటినవాళ్ల వివరాలను అమ్మకపు వెబ్‌సైట్లే పన్నుల శాఖకు పంపాలన్న నిబంధన 2024 జనవరిలో మొదలైంది. బీరువా ఖాళీ చేసుకునే సామాన్యులు అక్కడా బెదిరిపోయారు. కొత్త పన్నేమీ వేయలేదని ఆ శాఖే వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. మన దేశంలో డబ్బు యాప్ చేతుల మీదుగా వచ్చే అమ్మకాల మీద 0.1 శాతం ముందే పట్టుకుంటారు. 2024 అక్టోబరుకు ముందు అది 1 శాతం. పాన్ గానీ ఆధార్ గానీ ఇచ్చిన వ్యక్తికి ఏడాదికి 5 లక్షల దాకా ఆ కోత లేదు. పట్టుకున్నది మన పాన్ మీద కనిపిస్తుంది, రిటర్నులో సర్దుకోవచ్చు.

ఈ భయం వల్ల సొంత చీర అమ్ముకునే ఆడవాళ్లు ఊరికే నష్టపోతారు. మీ ఇంట్లో అలా భయపడి మానేసినవాళ్లుంటే మామ అడిగిన ప్రశ్న వాళ్లను అడగండి. కొని అమ్మే కుర్రవాడుంటే ఒక నోటుపుస్తకం కొనిచ్చి, ఈరోజు కొన్న ఫోనుతోనే రాయడం మొదలుపెట్టించండి.