ఎవరి గ్లాసు, ఎవరి తాకట్టు?

తాగడం తప్పా ఒప్పా అన్న ప్రశ్న చాలా పాతది. దానికి ధర్మశాస్త్రాలు ఒకలా, వైద్యులు ఒకలా, ఇంటి ఇల్లాళ్ళు మరొకలా ఎప్పుడో జవాబు చెప్పేశారు. నన్ను కొంతకాలంగా వదలని ప్రశ్న దాని పక్కింటిది. ఒకే పనిని ఒకచోట అభిరుచి అనీ, ఇంకోచోట వ్యసనం అనీ ఎందుకంటాం? పులిసిన గింజల రసానికి దొరికే మర్యాద పులిసిన చెట్టు రసానికి ఎందుకు దొరకదు? ఈ తేడా పానీయంలో ఉందా, తాగేవాడిలో ఉందా, చూసే మన కళ్ళలో ఉందా?

2023 వేసవిలో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో తిరుగుతుండగా ఈ ప్రశ్న నాకు ఎదురైంది. ఒక చిన్న ఊళ్ళో వాన పట్టుకుంటే ఓ గదిలోకి వెళ్ళాను. ఒకప్పుడు అదేదో దుకాణమట. మన పల్లెల్లో కిరాణా కొట్టంత ఉంటుంది. గోడల వెంట ఎదురెదురుగా చెక్క బల్లలు. నల్లబల్ల మీద సుద్దతో నాలుగైదు బీర్ల పేర్లు, ఏ ఊళ్ళో ఎవరు చేశారో ఆ వివరం. పాట లేదు, టీవీ లేదు. ఇలాంటివాటిని అక్కడ మైక్రోపబ్ అంటారు. 2005లో అదే కెంట్‌లోని హెర్న్ పల్లెలో, ఒకప్పుడు మాంసం కొట్టుగా ఉన్న గదిలో మార్టిన్ హిలియర్ అనే ఆయన మొదటిది తెరిచాడు. దాని వెనక ఇంకో పాత కథ ఉంది. పెద్ద కంపెనీలు వడకట్టి, వాయువు నింపి పంపే బీరు రుచించక, పీపాలో ఇంకా పులుస్తూ ఉండే బీరు కోసం 1971లో నలుగురు మిత్రులు ఒక ఉద్యమం మొదలుపెట్టారు. ఈ చిన్న గదులు ఆ పట్టుదలకు మనవల వంటివి.

మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాక మాట్లాడకపోవడమే అమర్యాద. ఎదుటి పెద్దాయన ఏ ఊరని అడిగాడు. ఇండియా అంటే సరిపోతుందనుకున్నాను, సరిపోలేదు. ఏ రాష్ట్రం? తమిళనాడు. అయితే మీ భాష తమిళమా? కాదు, తెలుగు. మరి తెలుగువాళ్ళ రాష్ట్రం అది కాదేమో? మా పూర్వులు కొన్ని వందల ఏళ్ళ కిందటే అక్కడ స్థిరపడ్డారని చెప్పాల్సి వచ్చింది. ఈ సంభాషణ మన పాఠకులకు కొత్తది కాదు. బడుల్లోనూ, ఆఫీసుల్లోనూ, హైదరాబాదు బంధువుల పెళ్ళిళ్ళలోనూ మనం జీవితమంతా చెప్పుకునే పాఠమే. అక్కడ ఆ పాఠాన్ని చివరిదాకా విన్నారు. అంతే తేడా.

"మరి మీ వైపు ఏం తాగుతారు?" అన్నది తర్వాతి ప్రశ్న. నేను కల్లు గురించి చెప్పాను. వాళ్ళు వెంటనే మూడు సంగతులు అడిగారు. చెట్టెక్కడం నేర్చుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుంది? చెట్టుకీ చెట్టుకీ రుచి మారుతుందా? అమ్మేచోట గీసినవాడి పేరు రాస్తారా? మూడూ చేసేవాడి గురించినవే. మన దగ్గర కల్లు మాట ఎత్తితే మొదటి ప్రశ్న తాగేవాడి గురించి వస్తుంది. చేసేవాడి గురించిన ప్రశ్న రాదు, వచ్చినా కులం దగ్గర ఆగిపోతుంది.

నిజానికి రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూస్తే గీతగాడి విద్య ఏ విధంగానూ తక్కువది కాదు. నడుముకు మోకు చుట్టుకుని పొద్దునా సాయంత్రమూ తాడి ఎక్కాలి. గెల కొసను పలచగా గీయాలి. మందంగా గీస్తే గెల త్వరగా అరిగిపోతుంది, గీయకపోతే ధార ఆగిపోతుంది. కుండ లోపల సున్నం పూస్తే తియ్యటి నీరా, మా తమిళుల మాటల్లో పదనీరు. పూయకపోతే గాలిలోని ఈస్టే గంటల్లో దాన్ని కల్లు చేస్తుంది. సారం చూసినా పెద్ద భేదం లేదు, రెండింటిలోనూ ఆల్కహాలు ఇంచుమించు నాలుగైదు శాతమే. తెరిచిన పీపా కొద్ది రోజుల్లో చెడిపోతుంది, దించిన కుండ ఒక్క రోజులో. ఒక్కటే పెద్ద తేడా. బీరు చేసేవాడు కాలు జారితే నేల మీద పడతాడు.

ఇక్కడికి వచ్చేసరికి పాఠకుల్లో కొందరికైనా కోపం రావాలి. రావడం న్యాయం కూడా. తాగుడును విద్యగా, కళగా పొగడడం పురుషులకు సులువు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా కొట్టును మూయించిన ఆడవాళ్ళకు ఇందులో ఏ కళా కనబడలేదు. వాళ్ళకు కనబడింది ఖాళీ గిన్నె, ఒంటి మీద దెబ్బ. చదువు నేర్చుకునే రాత్రిబడిలో మొదలైన ఆ మాట జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధమైంది, 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. వాళ్ళు పోరాడింది సారాతో, కల్లుతో కాదు అని తప్పించుకోవచ్చు. కానీ మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు ప్రాణాలు తీసిన సంగతీ మనకు తెలుసు. కాబట్టి గీతగాడి నేర్పు ఎంత గొప్పదైనా, కుండ దిగిన తర్వాత అది ఏ ఇంటి మీద పడుతుందో అడగక తప్పదు.

అయితే ఆ అడగడం ఎలా? ఇందుకు నాకు ఉపయోగపడింది ఇంగ్లీషువాళ్ళే వేసుకున్న ఒక పాత బొమ్మల జంట. 1751లో విలియం హోగార్త్ లండన్ వీధులు రెండింటిని అచ్చు వేశాడు. ఒకటి బీరు వీధి, రెండోది జిన్ సందు. బీరు వీధిలో జనం బొద్దుగా, పనిచేసుకుంటూ ఉంటారు. జిన్ సందులో మెట్ల మీద కూర్చున్న తల్లి చేతుల్లోంచి బిడ్డ జారిపోతుంటే ఆమెకు తెలియదు. అందరూ ఆ బిడ్డనే చూస్తారు. నన్ను ఆపింది మాత్రం తాకట్టు కొట్టు. బీరు వీధిలో ఆ ఇల్లొక్కటే కూలిపోతూ ఉంటుంది. జిన్ సందులో అది కళకళలాడుతుంది. అక్కడ వడ్రంగి తన రంపాన్నీ, ఇల్లాలు వంటపాత్రల్నీ తాకట్టు పెడుతుంటారు.

తాగుడిని కొలవడానికి ఇంతకంటే మంచి తూనిక నాకు తోచలేదు. గ్లాసులో ఏముందని కాదు, ఆ గ్లాసుకు ఇంట్లో ఏది తాకట్టు పడిందని అడగాలి. దూబగుంట ఆడవాళ్ళు అడిగిందీ ఇదే.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. ఇలా కొలిస్తే డబ్బున్నవాడి తాగుడు ఎప్పుడూ నిర్దోషమవుతుంది కదా? కెంట్‌లో నేను తాగిన పింట్ నాలుగున్నర పౌండ్లు. ఆ ఏడు అక్కడ పెద్దవాళ్ళకు కనీస వేతనం గంటకు 10 పౌండ్ల 42 పెన్నీలు. అంటే అరగంట కూలికి లోపే. మన దినకూలీకి ఒక క్వార్టర్ సీసా రోజు సంపాదనలో పెద్ద ముక్క. అప్పుడు ఆ గదిలోని మర్యాదంతా ఆ అరగంటకు కొన్నదేనా? కొంతవరకు అవును. దాన్ని దాచుకోనక్కరలేదు. కానీ రంపం ఒక్కటే తాకట్టు పడుతుందని ఎవరన్నారు? కలిగినవాడి ఇంట్లో నిద్రా, నమ్మకమూ, పిల్లల చూపులో తండ్రి విలువా తాకట్టు పడతాయి. ఆ కొట్టుకు వీధిలో బోర్డు ఉండదు, అంతే. కాబట్టి తూనిక ఇద్దరికీ ఒకటే.

మన పొరపాటు ఎక్కడంటే, రెండు వేర్వేరు లెక్కల్ని ఒకే చిట్టాలో రాస్తాం. చేసేవాడి నేర్పుకు ఇవ్వాల్సిన గౌరవం ఒక లెక్క. తాగినవాడి ఇంటికి జరిగిన నష్టం ఇంకో లెక్క. కల్లు విషయంలో నష్టాన్ని చూపించి నేర్పును కొట్టేస్తాం. నల్లబల్లా చెక్కబల్లా ఉన్న గది విషయంలో నేర్పును చూపించి నష్టాన్ని అడగడం మానేస్తాం. బెంగళూరులో ఈ పదిహేనేళ్ళలో వెలిసిన బీరు శాలల ముందు మన పిల్లలు ఫోటోలు దిగుతారు. వాళ్ళను తప్పుపట్టను. అదే పిల్లలు తాడిచెట్టు కింద కూర్చున్న మనిషిని ఏ మాటతో పిలుస్తారో వింటే చాలు, లెక్క ఎటు తప్పిందో తెలుస్తుంది.

ప్రభుత్వాల చిట్టా కూడా ఇలాంటిదే. తమిళనాడులో 1987 నుంచి కల్లు నిషేధం. 2003 నుంచి సీసా మద్యాన్ని చిల్లరగా అమ్మేది ప్రభుత్వ సంస్థ అయిన టాస్మాకే. కల్లును మళ్ళీ అనుమతించాలా అన్నదాని మీద నాకు తొందర లేదు. ఆ మాట ముందు తాకట్టు కొట్టుకు వెళ్ళివచ్చిన ఇల్లాలు చెప్పాలి. కానీ తాటిచెట్టు అదే రాష్ట్రానికి అధికారిక వృక్షం. చెట్టుకు ఇచ్చిన మర్యాదలో కాస్త ఆ చెట్టెక్కే మనిషికి ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డం లేదు. పదనీరు దించే తాతలు ఇంకా మన చుట్టుపక్కల కొందరున్నారు. ఎన్నేళ్ళు పట్టింది నేర్చుకోవడానికి అని వాళ్ళను అడిగేవాళ్ళు మాత్రం మన ఊళ్ళలో కావాలి.