మన్ను త్రవ్వుటయు హింసయేనా?

శ్రావకుడు విడువదగిన పదునైదు వృత్తులలో నేలను త్రవ్వు స్ఫోటకర్మ ఒకటి. అయితే కాటన్‌పేటలో మేడమీద మల్లెతొట్టి, పెరటిలో చిన్న మడి పెట్టుకొన్న వర్తకుని మాటేమి?

గునపముతో కుళ్లగించిన వానపాము తెగును. అది ద్వీంద్రియ జీవి. నీటిని లోనికి దించునవి దాని బొరియలే. అవి చెడిన మన్ను గట్టిపడి, పోసిన నీరు పైననే జారిపోవును. త్రవ్వక, ఎండుటాకులు నాలుగంగుళములు కప్పిన తడి నిలుచును. 2024 వేసవిలో బెంగుళూరు బోరుబావులెన్నో ఎండినపుడు బిందెడు నీటి వెల తెలిసినదే గదా!

చివుకు ఆకులోను జీవులు పుట్టి గిట్టునందురు. నిజమే. కాని అడవిలోను అంతే. ఆ ఆకులనే వీధిలో తగులబెట్టుట నిష్ప్రయోజన హింస, అనర్థదండము. వంటింటి తడిచెత్త మాత్రము ఆకుల క్రింద పలుచగా పరువవలెను; పెద్ద కుప్ప పోసిన లోపల వేడెక్కి, పట్టిన పురుగులన్నియు మాడిపోవును.