రాళ్లను గూర్చి పిల్లలకు ఏమి చెప్పుదుము?

ఇశ్రాయేలీయులు యొర్దానును దాటిన దినమున యెహోషువ గోత్రమునకు ఒక్కరి చొప్పున పండ్రెండుగురిని పిలిచి, నది నడుమనుండి ఒక్కొక్క రాయిని భుజముమీద పెట్టుకొని రమ్మనెను. ఆ రాళ్లు గిల్గాలులో నిలువబెట్టబడినవి. ఎందునిమిత్తము? ముందు తరముల పిల్లలు వాటిని చూచి అడుగుదురు గనుక. అడిగినప్పుడు పెద్దలు జవాబియ్యవలెను గనుక (యెహోషువ 4వ అధ్యాయము). ఇక్కడ మనము గమనింపదగిన సంగతి యొకటి యున్నది. రాయి ప్రశ్నను పుట్టించును గాని జవాబు చెప్పదు. జవాబు చెప్పవలసినవారు పెద్దలే. కావున పాత కట్టడముల యెదుట నిలిచినప్పుడెల్ల మనలను మనము ఇట్లడుగుకొనవలెను: వీటిని గూర్చి పిల్లలకు ఏమి చెప్పుదుము? మనకు ఇంపైన సగము చెప్పుదుమా? జరిగినదంతయు చెప్పుదుమా?

ఇంగ్లాండులోని ఆక్సుఫర్డు పట్టణమును చూచినప్పుడు ఈ ప్రశ్న మమ్మును గట్టిగా పట్టుకొనెను. అక్కడ 1096వ సంవత్సరమునాటికే ఏదో యొక రీతిగా విద్య చెప్పబడుచుండెను. ఆ విశ్వవిద్యాలయము ఒక్క కట్టడము కాదు. ముప్పదికి పైబడిన కళాశాలలు ఊరంతట నున్నవి. వాటిలో మిక్కిలి పాతవైన యూనివర్సిటీ, బేలియలు, మెర్టను కళాశాలలు 1249కిని 1264కిని మధ్య స్థాపింపబడినవి. పాత కళాశాలలకు వీధివైపున పెద్ద గుమ్మము, లోపల నలుచదరపు పచ్చిక ముంగిలి, ఒక ప్రక్క భోజనశాల, ఒక ప్రక్క ప్రార్థనమందిరము. చదువును, భోజనమును, ప్రార్థనయు ఒకే ప్రాకారములో నుండవలెనని పూర్వులు తలంచిరి. ఆ తలంపు మంచిది.

ఆ పట్టణమునకు మన తెలుగుదేశము ఋణపడియున్నది. అక్కడి వాడం కళాశాలలో చదివిన హెన్రీ వాట్సన్ ఫాక్సు గారు 1841లో సి. ఎమ్. ఎస్. మిషను పక్షమున మచిలీపట్టణమునకు వచ్చిరి. కేంబ్రిడ్జిలో చదివిన రాబర్టు నోబులు గారు ఆయనకు తోడుగా వచ్చి 1843లో అక్కడ పాఠశాలను తెరచిరి. ఫాక్సు గారు మన ఎండలలో ఆరోగ్యము పోగొట్టుకొని, భార్యను పోగొట్టుకొని, 1848లో ముప్పదియొకటవ యేట కన్నుమూసిరి. అట్టివారి చదువునకు నీడనిచ్చిన గోడలను చూచి దేవునికి స్తోత్రము చెల్లించుట మనకు తగును.

అయితే ఆ గోడలు మరికొన్ని సంగతులను కూడ అడిగించుచున్నవి.

జాన్ వెస్లీ గారు 1726లో లింకను కళాశాలలో అధ్యాపక పదవి పొందిరి. ఆయనయు, ఆయన తమ్ముడు చార్లెసు గారును, కొద్దిమంది మిత్రులును కూడి వాక్యము చదువుచు, ఉపవాసముండుచు, చెరసాలలోని ఖైదీలను దర్శించుచుండిరి. తోటివారు వారిని చూచి నవ్విరి. మెథడిస్టులను పేరు మొదట ఎగతాళిగా పెట్టబడినదే. 1744లో వెస్లీ గారు విశ్వవిద్యాలయపు మందిరమైన సెయింటు మేరీలో, ఈ పట్టణమును క్రైస్తవ పట్టణమనవచ్చునా అని సూటిగా అడిగి ప్రసంగించిరి. ఆ తరువాత అక్కడ ప్రసంగించుటకు ఆయనను మరల పిలువలేదు. నేడో, వెస్లీ గారు మావారని ఆ పట్టణము సంతోషముగా చెప్పుకొనుచున్నది. ప్రవక్తలకు సమాధులు కట్టి, నీతిమంతుల గోరీలను అలంకరించువారిని గూర్చి మన ప్రభువు పలికిన మాటలు (మత్తయి 23:29-31) ఇక్కడ జ్ఞాపకము రాక మానవు. సజీవుడైన ప్రవక్త మనలను నొప్పించును. చనిపోయిన ప్రవక్త మన ఊరికి పేరు తెచ్చును.

బేలియలు కళాశాల ప్రక్కన బ్రాడ్ స్ట్రీటు నడుమ, బాటలోనే రాళ్లతో ఒక సిలువ గుర్తు పరచబడియున్నది. మేరీ రాణి ఏలుబడిలో 1555 అక్టోబరు 16న బిషప్పులైన లాటిమరు, రిడ్లీ గారలు ఆ చోటికి చేరువనే సజీవముగా కాల్చబడిరి. 1556 మార్చి 21న ఆర్చిబిషప్పు క్రాన్మరు గారిని కూడ కాల్చిరి. క్రాన్మరు గారు చెరలో భయపడి, తాను నమ్మినదానిని విడిచితినని కాగితములమీద చేవ్రాలు చేసియుండిరి. కడపటి దినమున సెయింటు మేరీ మందిరములో అందరి యెదుట ఆ మాట తిరిగి చెప్పించుటకు ఆయనను నిలువబెట్టగా, ఆయన ఆ కాగితములు అబద్ధములని ఒప్పుకొని, వాటిమీద వ్రాసిన చెయ్యియే ముందుగా కాలవలెనని చెప్పి, ఆ ప్రకారమే తన కుడిచేతిని మంటలో ఉంచిరి. ఈ మువ్వురి జ్ఞాపకార్థము 1843లో పూర్తియైన ఎత్తయిన స్తంభము ఆ ప్రక్క వీధిలో నిలిచియున్నది. ప్రొటెస్టంటు సంఘస్థులమైన మనకు దానిని చూడగానే గుండె నిండును.

కాని ఆ పట్టణములోనే హోలీవెలు వీధిలో మరియొక గుర్తు కలదు. ఎలిజబెత్ రాణి దినములలో, అనగా 1589లో, నలుగురు రోమను కతోలికులు తమ మతము నిమిత్తము అక్కడ చంపబడిరి. వారిలో ఇద్దరు గురువులు. ఒకడు, హంఫ్రీ ప్రిచర్డు అనువాడు, సత్రములో పనిచేయు సేవకుడు. వారిని చంపించిన ప్రభుత్వము ప్రొటెస్టంటు ప్రభుత్వము. అంతే కాదు. 1538లో ఫారెస్టు అను సన్యాసిని లండనులో కాల్చినప్పుడు అక్కడ ప్రసంగించినవారు ఈ లాటిమరు గారే. 1550లో జోన్ బోచరు అను స్త్రీ కాల్చబడెను. ఆమెను దోషియని తీర్చిన సభలో క్రాన్మరు గారు కూర్చుండిరి. తరువాత ఆ మంటయే వారిని చేరెను. స్తంభముమీద ఇవి వ్రాయబడలేదు. మన పిల్లలు ఆ స్తంభమును గూర్చి అడిగినప్పుడు, వారు మనవారిని కాల్చిరని మాత్రము చెప్పి ఊరకుందుమా? ఈ శతాబ్దపు తొలి పది సంవత్సరములలో సెయింటు మేరీ మందిరపు పెద్దలు రెండు పక్షముల హతసాక్షుల పేళ్లను ఒకే రాతిమీద చెక్కించి గోడకు పెట్టించిరి. ఆ చిన్నరాయి పెద్ద స్తంభముకంటె పూర్తియైన జవాబు చెప్పుచున్నదని మాకు తోచుచున్నది.

మరియొక సంగతి మనకు ఇంకను దగ్గరది. ఆల్ సోల్సు అను కళాశాలలో మిక్కిలి అందమైన గ్రంథాలయమున్నది. 1710లో చనిపోయిన క్రిస్టఫరు కాడ్రింగ్టను అను ధనవంతుడు తన పుస్తకములతో కూడ 10,000 పౌండ్లు వ్రాసి ఇయ్యగా అది కట్టబడెను. ఆ ధనము బార్బడోసు మొదలగు ద్వీపములలో ఆఫ్రికానుండి తేబడిన బానిసల చెమటతో పండిన చెరకుది. అదే మరణశాసనములో ఆయన బార్బడోసులోని రెండు తోటలను, వాటిలోని బానిసలతో సహా, ఎస్. పి. జి. అను సువార్త సంఘమునకు విడిచెను. సువార్త ప్రకటించుటకు ఏర్పడిన ఆ సంఘము నూరేండ్లకు పైగా మనుష్యులను సొత్తుగా ఉంచుకొనెను. కొంతకాలము వారి రొమ్ములమీద సంఘముయొక్క పేరు ఎఱ్ఱగా కాల్చిన ఇనుముతో వేయబడెను. 1833లో బానిసత్వమును రద్దుచేయు శాసనము పుట్టినప్పుడు నష్టపరిహారము 8,800 పౌండ్లకు పైగా యజమానులైన సంఘమువారికే ముట్టెను. బానిసలకు ఒక్క కాసు ముట్టలేదు.

ప్రియులారా, మన నంద్యాల, ముత్యాలపాడు ప్రాంతములకు ఆ తరువాతి కాలమున బోధకులను పంపి, బడులు పెట్టించి, మన తాతలకు అక్షరములు నేర్పించినది ఆ ఎస్. పి. జి. మిషనే. ఆ మేలు మేలే. ఆ పాపము పాపమే. మేలును తలంచి పాపమును దాచిన యెడల మనము కృతజ్ఞులము కాము, అబద్ధసాక్షులమగుదుము. పాపమును తలంచి మేలును కాదన్న యెడల అదియు అబద్ధసాక్ష్యమే.

ఇందుకు కొందరు, ప్రేమ పాపములను కప్పును గదా, చచ్చినవారి తప్పులు త్రవ్వనేల అందురు. అపొస్తలుడైన పేతురు అట్లు వ్రాసిన మాట నిజమే (1 పేతురు 4:8). కాని నాకు ఒకడు చేసిన తప్పును నేను కప్పుట ప్రేమ. నా యింటివారు ఇతరులకు చేసిన తప్పును నేను కప్పుట ప్రేమ కాదు, దాపరికము. క్షమించు హక్కు దెబ్బ తిన్నవానిదే గాని దెబ్బ కొట్టినవాని వారసునిది కాదు.

మరికొందరు, ఆ పాపము మేము చేయలేదు, మాకేమి అందురు. తండ్రి పొలమును తీసికొన్న కొడుకు తండ్రి అప్పు నాది కాదనవచ్చునా? మనము త్రవ్వని బావి నీళ్లు త్రాగుచున్నాము, మనము నాటని చెట్టు నీడలో కూర్చుండియున్నాము. నెహెమ్యా తాను పుట్టకమునుపు జరిగిన పాపములను తన పితరులతో కలిసి తనవిగా ఒప్పుకొనెను (నెహెమ్యా 1:6). ఒప్పుకొనుట నోటితో మాత్రమే ముగియదు. జక్కయ్య పుచ్చుకొన్నదానిని తిరిగి ఇచ్చెను. ఇంగ్లాండు సంఘపు మహాసభ 2006లో ఆ బానిసత్వము నిమిత్తము క్షమాపణ చెప్పెను. ఎస్. పి. జి. వారసులైనవారు 2023లో బార్బడోసు ప్రజల నిమిత్తము 70 లక్షల పౌండ్లు కేటాయింతుమని ప్రకటించిరి. ఆల్ సోల్సువారు గ్రంథాలయ ద్వారమునొద్ద ఆ బానిసల జ్ఞాపకార్థము ఫలకము పెట్టి, 2020లో ఆ దాత పేరుతో గ్రంథాలయమును పిలుచుట మానిరి. ఇవి చాలునా చాలవా అని తీర్పు తీర్చుట మన పని కాదు. సగము జవాబు పూర్తి జవాబగుటకు ఇవి అడుగులు.

అట్లయిన పాతవాటినెల్ల పడగొట్టవలెనా? అక్కరలేదు. సమాధులు కట్టినందుకు ప్రభువు శాస్త్రులను గద్దింపలేదు. మేము పితరుల దినములలో ఉండినయెడల వారితో పాలివారము కాకపోదుమని వారు చెప్పుకొన్న గర్వమును ఆయన పట్టుకొనెను. ఈ గర్వము మనకును పొంచియున్నది. పూర్వుల తప్పులను లెక్కించునప్పుడు మనము వారికంటె మంచివారమనిపించును. ఆ కాలమున పుట్టియుంటే మన చేతులలో కట్టెలు ఉండెడివి కావని ఎవరు చెప్పగలరు? కావున నిజము చెప్పవలెను, తల వంచుకొని చెప్పవలెను.

నిజము చెప్పినచో పిల్లల విశ్వాసము చెడునని భయపడనక్కరలేదు. దావీదు పాపమును లేఖనము దాచలేదు. ఊరియా భార్యను ప్రభువు వంశావళిలోనే జ్ఞాపకము చేసెను (మత్తయి 1:6). పేతురు బొంకిన సంగతి నాలుగు సువార్తలలోను ఉన్నది. క్రాన్మరు గారిని మనము గౌరవించుట ఆయన ఎన్నడును తప్పనందుకు కాదు. తప్పిన చేతిని వెనుకకు దాచుకొనక ముందుకు చాచినందుకు. సంఘమునకు కూడ అదే గౌరవము.

మన పల్లె మందిరములలోను శిలాఫలకములున్నవి. వాటిమీద శంకుస్థాపన చేసిన దొరగారి పేరు, చందా ఇచ్చిన పెద్దల పేళ్లు కనబడును. పునాదికి రాళ్లు మోసినవారి పేళ్లు, ఇసుక తట్టలు మోసిన తల్లుల పేళ్లు ఉండవు. వెనుక వరుసలో కూర్చుండుమనిపించుకొని నొచ్చుకొని వెళ్లిపోయినవారుంటే వారి సంగతి అసలే ఉండదు. ఎరిగిన ముసలివారు ఇంకను మన మధ్యనున్నప్పుడే వారిని అడిగి, ఆదివార బడిలో పిల్లలకు చెప్పుదము. నేడు ఎగతాళి పడుచు మనలను సూటిగా ప్రశ్నించు యౌవనస్థుడు మన సంఘములో ఉన్నయెడల, అతడు చనిపోయిన తరువాత రాయి వేయుటకంటె, బ్రతికియుండగా అతని మాట వినుట మేలు.

ఆక్సుఫర్డులోని కీబులు కళాశాల మందిరములో హాల్మన్ హంటు గారు వేసిన చిత్రమున్నది. ముళ్ల కిరీటముతో, చేత దీపముతో, కలుపు మొలచిన తలుపు తట్టుచున్న ప్రభువును చూపు ఆ చిత్రము మన ఇండ్లలోని క్యాలెండర్లలో మనమెరిగినదే. ఆ తలుపునకు బయట పిడి లేదు, లోపలివారే తీయవలెను. మనము తరచుగా ఆ తలుపును గూర్చి ప్రసంగింతుము. దీపమును గూర్చి కూడ తలంతుము గాక. తలుపు తీసినవాని యింటిలోనికి ఆయనతో కూడ ఆ వెలుగును వచ్చును. ఊడ్చిన మూలయు, ఊడ్వని మూలయు కనబడును. ఆ వెలుగునకు ఓర్చుకొను కృపను మన సంఘములకు దేవుడు అనుగ్రహించును గాక. ఆమేన్.