వేసవి సెలవుల ఖర్చు ఎవరు మోయుచున్నారు?



ఏప్రిల్ నెల వచ్చిందంటే మన ఇండ్లలో ఒకటే మాట. "నాన్నా, ఈసారి ఊరికి వెళ్తున్నామా, లేదా?" పిల్లలకు అది ఒక్క ప్రశ్న. తండ్రికి అది పది ప్రశ్నలు. రానుపోను చార్జీలు ఎంత, అమ్మకు చీర ఎంత, తమ్ముని పిల్లలకు బట్టలు ఎంత, తిరిగివచ్చిన వారమునకే కట్టవలసిన స్కూలు ఫీజు ఎంత? బెంగళూరులో గాని, చెన్నైలో గాని, షోలాపూరులో గాని, బరంపురములో గాని ఉన్న తెలుగు కుటుంబము ఏదైనను ఈ లెక్క వేయక తప్పదు. ఆరాధన ముగిసిన తరువాత మగవారు చర్చి గేటు దగ్గర నిలబడి మాట్లాడుకొనేది చాలాసార్లు ఇదే.

ఖర్చు పెరిగినదని చెప్పుటకు నేను ఈ వ్యాసము వ్రాయుట లేదు. అది అందరికి తెలిసినదే. ఆ పెరిగిన ఖర్చు ఎవరి భుజముల మీద పడుచున్నదో మాత్రము మనము అడుగుట లేదు. దానిని గూర్చి మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాను.

ముందుగా ఖర్చు ఎక్కడ పెరిగినదో చూతము. మనము రైలు చార్జీల మీద నెపము వేస్తాము. 2025 జూలై 1న మెయిలు, ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో ఏసీ లేని తరగతులకు కిలోమీటరుకు 1 పైసా, అదే సంవత్సరము డిసెంబరు 26న మరి 2 పైసలు పెంచారు. 600 కిలోమీటర్ల ప్రయాణమునకు ఈ రెండు పెంపులు కలిపి మనిషికి 18 రూపాయలు. అది మనలను కుంగదీయదు. 60 ఏండ్లు నిండిన పురుషులకు 40 శాతము, 58 ఏండ్లు నిండిన స్త్రీలకు 50 శాతము ఉండిన రాయితీని 2020 మార్చిలో నిలిపివేయుట పెద్దవారికి అంతకంటె భారమైనది. అయితే అసలు భారము బెర్తు దొరకకపోవుటలో ఉన్నది. 2024 నవంబరు 1 నుండి రిజర్వేషను 120 రోజులకు బదులు 60 రోజుల ముందుగానే మొదలగుచున్నది. తెరచిన కొద్దిసేపటికే వేసవి టిక్కెట్లు అయిపోవును. వెయిటింగ్ లిస్టులో మిగిలినవాడు ప్రైవేటు బస్సును ఆశ్రయించవలెను. అక్కడ ధర రద్దీని బట్టి పెరుగును.

మనవంటి వారికి ఇంకొక చిక్కు ఉన్నది. కర్ణాటకలో బడులు సుమారు ఏప్రిల్ రెండవ వారమున మూసి మే చివరకు తెరుస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ చివరి వారమున మూసి జూన్ రెండవ వారమున తెరుస్తారు. అన్నదమ్ముల పిల్లలు కలిసికొనుటకు మిగిలేది మే నెల ఒక్కటే. అందరూ ఆ నెలలోనే కదులుతారు గనుక ధరలు కూడ ఆ నెలలోనే కొండెక్కుతాయి. ఉచిత బస్సు పథకములు సైతము మన విషయములో సరిహద్దు దగ్గర ఆగిపోవుచున్నవి. కర్ణాటకలో 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకము ఆ రాష్ట్ర నివాసులైన స్త్రీలకు, రాష్ట్రము లోపలి ప్రయాణమునకు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి అక్కడి గుర్తింపు కార్డు ఉన్నవారికి. బెంగళూరు చిరునామా గల ఆడపడుచు కనిగిరి పుట్టింటికి పోవలెనంటే టిక్కెట్టు కొనవలసినదే.

ఇంతవరకు లెక్కలు. ఇప్పుడు నా తప్పు చెప్పుకొందును. అది చెప్పకుండ మీకు బోధించుట న్యాయము కాదు.

2023 మే నెలలో మేము నలుగురము ప్రకాశము జిల్లాలోని మా ఊరికి వెళ్ళి తమ్ముని ఇంట 18 రోజులు ఉన్నాము. తమ్ముడు ఆటో నడుపుతాడు. ఒక ఎకరము మెట్ట చేను ఉన్నది. పూట పూటకు వేరే కూర, ఆదివారము కోడి, పిల్లలకు బుట్టలతో మామిడిపండ్లు, రాత్రంతా కూలరు. బెంగళూరు తిరిగివచ్చి ఆఫీసులో గర్వముగా చెప్పాను. "మీరందరు టూర్లకు వేలు తగలేశారు. మాకు చార్జీలు తప్ప ఖర్చే లేదు."

ఆ డిసెంబరులో క్రిస్మసుకు ఒక్కడినే వెళ్ళాను. మరదలి చేతులకు మట్టిగాజులు మాత్రమే ఉన్నవి. బంగారు గాజులు ఏవని అమ్మను చాటుగా అడిగాను. అమ్మ ఎంతసేపటికీ చెప్పలేదు. చివరకు, "మీరొచ్చినప్పుడు సొసైటీలో పెట్టిందిరా. పట్నం నుంచి బావగారోళ్ళు వచ్చారు, వాళ్ళ ముందు చిన్నబోగూడదంది. ఇంకా విడిపించలేదు. నువ్వు ఆ పిల్లతో ఏమీ అనబాక" అన్నది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండవ సమూయేలు 12వ అధ్యాయములో నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన కథ జ్ఞాపకమునకు వచ్చినది. ధనవంతుని ఇంటికి బాటసారి ఒకడు వస్తాడు. ధనవంతుడు తన మందను ముట్టడు. పేదవాడు బిడ్డవలె పెంచుకొన్న ఒక్క గొఱ్ఱెపిల్లను తెప్పించి అతిథికి వండిస్తాడు. ఈ కథ చదివినప్పుడెల్ల మనము ధనవంతుని గూర్చి, దావీదు గూర్చి తలంచుచున్నాము. ఆ భోజనము చేసిన బాటసారిని గూర్చి ఎవరు తలంచుచున్నారు? అతనికి ఏమియు తెలియదు. కడుపునిండ తిని, ఇంటివారిని దీవించి తన దారిన పోయియుండును. ఆ బాటసారిని నేనే అని నాకు తోచినది. తెలియకపోవుట అతనికి సాకు కావచ్చును. నాకు కాదు. తమ్ముని సంపాదన నాకు తెలుసు, గ్యాసు బండ ధర తెలుసు, నలుగురు మనుష్యులు 18 రోజులకు ఎంత తిందురో తెలుసు. లెక్క వేయకపోవుట నాకు లాభము గనుక వేయలేదు.

తరువాతి వేసవికి, తమ్మునికి ఇక భారము కాకూడదని తీర్మానించుకొన్నాను. 2024 మేలో కుటుంబమును కొడైకెనాలు తీసుకొనిపోయాను. అక్కడి రద్దీ ఎంతదనగా, మదరాసు హైకోర్టు ఆదేశము మీద ఆ నెల 7వ తేది నుండి కొడైకెనాలుకు, నీలగిరికి వచ్చు వాహనములకు ఈ-పాస్ పెట్టవలసివచ్చినది. ఇందుకు 60,000 రూపాయలు అప్పు చేశాను. వడ్డీ 14 శాతము, 24 వాయిదాలు, నెలకు 2,881 రూపాయలు.

ఆ నాలుగు రోజులు వ్యర్థమని నేను చెప్పను. పిల్లలు మొదటిసారి మంచును చేతితో పట్టుకొన చూచినారు. నా భార్య నాలుగు రోజులు పొయ్యి ముట్టలేదు. బస్సులో తిరిగివచ్చునప్పుడు ఆమె ఒక మాట అన్నది. "ఊరికి వెళ్తే మీకు సెలవు. నాకు పొయ్యి మారుతుంది, పని మారదు." పదునైదు సంవత్సరముల కాపురములో ఆ మాట నేను అంతకుముందు వినలేదు. ఆమె చెప్పకపోవుట చేతనో, నేను చెవి పెట్టకపోవుట చేతనో తెలియదు.

జూన్ వచ్చినది. మొదటి వాయిదా, స్కూలు ఫీజు ఒకే వారములో వచ్చినవి. పెద్దవాని ట్యూషను మాన్పించాము. 2025 మే వచ్చునప్పటికి ఇంకను 12 వాయిదాలు మిగిలియున్నవి. నాలుగు రోజుల సెలవు రెండు సంవత్సరముల పాటు మా వంటింటిలో కూర్చున్నది. ఊరిలో అమ్మ ఫోనులో నిష్ఠూరమాడలేదు. "పిల్లోళ్ళొస్తారని ఆవకాయ జాడీ వాసెన విప్పలేదురా, ఇప్పుడు విప్పుతాలే" అన్నది, అంతే.

ప్రియులారా, రెండు వేసవులలో నేను నేర్చుకొన్నది ఇది. సెలవు ఖర్చు ఎక్కడికీ మాయము కాదు. నేను ఇవ్వకపోతే మరదలి గాజులు ఇస్తాయి. నా జేబు ఇవ్వలేకపోతే రేపటి నా బిడ్డ చదువు ఇస్తుంది. మేము పోకపోతే ముసలి తల్లి ఎదురుచూపు ఇస్తుంది. ఇంట్లో అందరు విశ్రాంతి తీసికొంటే ఆ విశ్రాంతిని ఆడవారి చేతులు ఇస్తాయి. మనకు చవకగా దొరికిన సెలవును, నోరు తెరచి అడుగలేని మరియొకరు కొనియుండవచ్చును.

అయితే సెలవే వద్దని, విశ్వాసికి వినోదమెందుకని కొందరు పెద్దలు అనవచ్చును. వాక్యము అట్లు చెప్పుట లేదు. మార్కు సువార్త 6వ అధ్యాయములో, భోజనము చేయుటకు కూడ తీరిక లేని శిష్యులను ఏకాంతముగా వచ్చి కొంచెము అలసట తీర్చుకొనుమని పిలిచినవాడు ప్రభువే. 1845లో మదురై ప్రాంతపు అమెరికా మిషనెరీలు కొడైకెనాలులో ఇండ్లు కట్టుకొన్నది కూడ మైదానపు ఎండకు, రోగములకు తాళలేకనే.

ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయము మనవంటి వలసవారు మరల మరల చదువవలసినది. ఆరాధన స్థలమునకు దూరముగా నివసించే ఇశ్రాయేలీయుడు ఏమి చేయవలెనో అక్కడ ఉన్నది. అతడు ఏటేట పంటలో ఒక భాగము ప్రత్యేకించి, మోసికొనిపోలేనంత దూరమైతే దానిని అమ్మి, ఆ రూకలతో ప్రయాణమై, అక్కడ తన మనస్సుకు నచ్చినది కొని ఇంటివారితో తిని సంతోషింపవలెను. ఈ వాక్యమును చూపి సంఘమునకు ఇవ్వవలసిన దశమభాగమును టూరుకు వాడుకొందమని నేను చెప్పుట లేదు. పాస్టరుగారు నన్ను క్షమింపరు. నేను చూపగోరినది క్రమము. దేవుడు తన ప్రజల ప్రయాణమునకు, విందుకు కూడ ఏర్పాటు చేసియున్నాడు. అది ముందుగా దాచినది గాని అప్పు తెచ్చినది కాదు. ఆ విందులో పొలములేని లేవీయుని మరువకూడదు. 16వ అధ్యాయములో పండుగ సంతోషమునకు పిలువవలసినవారి వరుస చూడుడి. కుమారుడు, కుమార్తె మాత్రమే కాదు. దాసుడు, దాసి, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు. విశ్రాంతి దినపు ఆజ్ఞలో కూడ పనివారు యజమానునితో సమానముగా విశ్రమింపవలెనని ఉన్నది. ఒకరి విశ్రాంతికి మరియొకరు అలసిపోవుట ఐగుప్తు పద్ధతి.

"అన్నదమ్ముల మధ్య లెక్కలేమిటి, ప్రేమ ఉన్నచోట లెక్క ఉండదు" అని మీరు అడుగవచ్చును. నా తమ్ముడు కూడ అదే అడిగినాడు. 2024 జూన్ నుండి, వాయిదాలు కట్టుచునే, నెలకు 1,000 రూపాయలు ఒక స్టీలు డబ్బాలో వేశాము. 11 నెలలకు 11,000 అయినది. దానితో 2025 మేలో ఊరికి వెళ్ళాము. 18 రోజులు కాదు, 9 రోజులు. వెళ్ళిన రోజే బియ్యము బస్తా, నూనె డబ్బా దింపించి, గ్యాసు బండకు డబ్బు తమ్ముని చేతిలో పెట్టబోయాను. "అన్నా, నా ఇంట్లో అన్నానికి లెక్క కడతావా?" అని వాడు విసవిస లేచి వెళ్ళినాడు. మరునాటి సాయంత్రము వరకు నాతో మాట్లాడలేదు. వాని మాటలో న్యాయమున్నది. పెట్టువాని గౌరవమును కూడ మనము కొనివేయకూడదు. నేను ఇచ్చిన తీరు తప్పు. తరువాత నా భార్య వంటింటిలో తన తోడికోడలితో ఏమి మాట్లాడినదో, డబ్బు ఎట్లు ఇచ్చినదో నాకు చెప్పలేదు. నేను అడుగలేదు.

ప్రేమ ఉన్నచోట లెక్క ఉండదన్నది పెట్టేవాడు అనవలసిన మాట. తినేవాడు ఆ మాట అంటే అది లోభము. రెండవ సమూయేలు 24వ అధ్యాయములో అరౌనా తన కళ్ళమును ఎద్దులను ఊరకనే ఇవ్వబోయినాడు, దావీదు వెల ఇచ్చి పుచ్చుకొన్నాడు. ఇవ్వబోయినది ప్రేమ. ఊరక పుచ్చుకొనకపోవుట కూడ ప్రేమయే.

ఆ తొమ్మిది రోజులలో రెండు పూటలు నేను, తమ్ముడు వండినాము. కూరలో ఉప్పు ఎక్కువైనది. ఆడవారిద్దరు అరుగు మీద కూర్చుండి నవ్వినారు. ఆ అరుగు మీద వారిద్దరిని ఖాళీ చేతులతో నేను చూచుట అదే మొదటిసారి. మరదలి చేతులకు గాజులు ఉన్నవి. అవి ఎట్లు తిరిగివచ్చినవో నాకు తెలియదు. అమ్మకు ఇచ్చిన మాట ప్రకారము ఆమెతో ఆ సంగతి ఎత్తలేదు. మా రాకవలన అవి మరల సొసైటీకి పోకుండ చూచుకొనుటయే నా పని.

చివరిగా ఒక మనవి. మన సంఘములలో ఏ ఊరికీ వెళ్ళలేని కుటుంబములు ఉన్నవి. కొందరికి ఊరిలో ఎవరు మిగులలేదు, కొందరికి చార్జీలు లేవు. మే నెలలో వి.బి.ఎస్.కు వచ్చే పిల్లలలో అట్టివారే ఎక్కువ. ప్రయాణమయ్యే మనము ఒక బిడ్డను వెంట తీసికొని పోవచ్చును. లేదా ఇంట ఉన్నవారము ఒక పూట ఆ బిడ్డలను భోజనమునకు పిలువవచ్చును. ఈ సంవత్సరము టిక్కెట్టు తీయకముందు, మన డబ్బుతో పాటు మన సెలవు ఖర్చు ఎవరెవరు మోయబోవుచున్నారో ఒక కాగితము మీద వ్రాసికొందము. అందులో అడుగలేని వారి పేరు ఏదైన ఉన్నయెడల, ఆ భారము క్రింద మన భుజము పెట్టుదము.

ప్రభువు మీ రాకపోకలయందు మీకు తోడైయుండును గాక. ఆమెన్.