మందు తెచ్చిన కోపం

హెపటైటిస్ సి సోకినవారిలో చాలామందికి ఇప్పుడు 12 వారాల మాత్రలు చాలు. 2013లో సోఫోస్‌బువిర్ మాత్ర రాకముందు చాలామందికి ఇంటర్‌ఫెరాన్ సూదులు, రైబావిరిన్ మాత్రలే దిక్కు. 24 వారాలు, కొందరికి 48. సూది వేసిన రాత్రి చలిజ్వరం, ఒళ్లునొప్పులు. రైబావిరిన్‌తో రక్తం తగ్గి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

అన్నిటికన్నా కష్టం మనసుది. ఎన్నడూ గొంతు పెంచని నాన్న కంచం తోసేసేవాడు. అమ్మయితే పలకరించినా పలక్క గోడవైపు తిరిగి పడుకునేది. అది వాళ్ల స్వభావం కాదు, మందు చేసే పని. ఈ సంగతి పిల్లలకు ముందే తెలిసుంటే ఎన్ని ఇళ్లలో కన్నీళ్లు ఆగేవో!

కాలేయం బాగా దెబ్బతిన్నవారికి ఇప్పటికీ రైబావిరిన్ కలిపి ఇస్తుంటారు. మీ ఇంట్లో అలాంటి పెద్దవారుంటే రక్తపరీక్ష తేదీ మీరే గుర్తుపెట్టుకోండి. ఆయాసం పెరిగినా, బతకాలని లేదన్నా, ఆ రోజే డాక్టరుకు చెప్పండి. అవసరమైతే మోతాదు ఆయనే మారుస్తారు.