ఆ పిడికెడు ఎవరి కంచములోనిది?

1930వ సంవత్సరము మొదలు కొన్ని యేండ్లు కృష్ణా డెల్టాకు వచ్చిన లేమి విచిత్రమైనది. కాలువలలో నీరున్నది, చేలలో పంటయున్నది, చేతిలో కాసు లేదు. లోకమంతట ధరలు కూలగా ధాన్యము ధర ఇంచుమించు సగమునకు దిగెను. బియ్యము చవుకయైనచో కూలివారి కడుపు నిండవలెను గదా యందురేమో. ధాన్యమమ్మి శిస్తు కట్టలేని రైతు కూలీలను తగ్గించుకొనెను. పనియే లేనివారికి చవుక బియ్యమైనను ఎక్కడిది?

పామర్రు చుట్టుపట్ల పల్లెలలో ఆ దినములలో ఆరాధనకు పోవుచుండిన కూలి స్త్రీని తలంచుకొనుడి. ఆదివారమని పొయ్యి ఆమెకు సెలవీయదు. నీళ్లు మోయవలెను, పిల్లల తలలు దువ్వవలెను, ఉన్న ఒక్క మంచి చీర ముందే ఉతికి ఆరవేసికొనవలెను. నాట్ల రోజులైనచో పగలు చేనిలో, రాత్రి దీపము వెలుగున ప్రార్థనలో. గుడికి పోవునప్పుడు కొంగున బియ్యపు మూట. వారమంతయు ఎసటిలో పోయకముందు పిడికెడు తీసి వేరు కుండలో దాచినదది. 1912లో ఆంగ్లికన్ సంఘమునకు మొదటి భారతీయ బిషప్పైన అజరయ్యగారి దోర్నకల్ డయోసిసులో ఈ వాడుక బాగుగా వ్యాపించెను. బీదలైనను తమ సంఘమును తామే పోషించుకొనవలెనని ఆయన బోధించుచుండిరి.

ఆకలిగొన్న యింటినుండి కానుక తీసికొనుట న్యాయమా? సారెపతు విధవరాలి పిండి తరుగలేదని కొందరు జవాబు చెప్పుదురు. ఇక్కడ కుండలు అడుగంటినవి, అది దాచి మాటలాడరాదు. మరియు మగనికి, పిల్లలకు వడ్డించి చివర తినునది ఆమెయే. పిడికెడు తగ్గినచో తగ్గినది ఆమె కంచములోనే.

అయినను వద్దనుటకు మనమెవరము? ఆరు దినములు ఇతరుల చేలగట్టున కూలికి చేయి చాచిన స్త్రీ, ఏడవ దినమున ఇచ్చుటకు చేయి చాచెను. నీవు బీదరాలవు, నీది అక్కరలేదనుట జాలివలె కనబడును గాని, ఆమెను మరల పుచ్చుకొనువారి వరుసలోనే నిలువబెట్టును.

తప్పు ఇచ్చుటలో లేదు. రెండు కాసుల విధవరాలిని మెచ్చుకొనిన ప్రభువు, అదే అధ్యాయములో, దానికి కొంచెము ముందే, విధవరాండ్ర యిండ్లు మ్రింగువారిని గద్దించెను. మనము మొదటి దానిమీద ప్రసంగములు విరివిగా చేసితిమి. కానుక పుచ్చుకొనిన పెద్దలలో ఒకరైనను, అమ్మా, ఈ పూట పొయ్యి వెలిగినదా యని అడుగవలసినది.

ఆ బియ్యము అమ్మి సొమ్ము చేసినప్పుడు కూడ పడిపోయిన ధరయే గదా! సంఘపు లెక్కలో పడునది ఆ కొద్ది అణాలు మాత్రమే.