‘సెటిల్ అయ్యాక సేవ చేద్దాం’ అనుకునేవాళ్ళకి ఒక అరటిపళ్ళ వ్యాపారి కథ



ఈ వారం వీడియోలో తులాధారుడి కథ చెప్పుకున్నాం. మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకి చెప్పిన కథ అది. వీడియో చూడనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను.

జాజలి అని ఒక తపస్వి ఉండేవాడు. ఎంత కదలకుండా నిలబడి తపస్సు చేశాడంటే, పక్షులు ఆయన జడల్లో గూడు కట్టుకున్నాయి. గుడ్లు పెట్టాయి, పిల్లలయ్యాయి, రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. అప్పటిదాకా ఆయన కదల్లేదు. ఆ తర్వాత మాత్రం, ‘ధర్మంలో నన్ను మించినవాడు ఎవడున్నాడు?’ అనుకున్నాడు. వెంటనే ఆకాశంలోంచి మాట వినిపించింది. కాశీలో తులాధారుడనే వ్యాపారి ఉన్నాడు, నువ్వు ఆయనకి సాటి రావు అని. జాజలి వెతుక్కుంటూ వెళ్ళాడు. తీరా చూస్తే తులాధారుడు కొట్లో కూర్చుని సరుకులు అమ్ముకుంటున్నాడు! ఆయన చెప్పిన రహస్యం కూడా చిన్నదే. నా తక్కెడ అందరికీ ఒక్కటే, ఎవరికీ కీడు తలపెట్టను, ఎవరినీ మోసం చేయను అన్నాడు.

వీడియో ఎడిట్ చేసే మా ఫ్రెండ్ ఇది విని, “కథ బాగుంది కానీ, ఇప్పుడు అలాంటోళ్ళు ఎవరున్నార్రా?” అన్నాడు. నాకు వెంటనే ఒకాయన గుర్తొచ్చారు. 2021 దాకా మన మధ్యనే ఉన్నారు. ఈ పోస్ట్ ఆయన్ని తలుచుకోవడానికే.

ఆయన పేరు జగదీశ్ లాల్ ఆహుజా. ఊరు చండీగఢ్. పెషావర్‌లో పుట్టారు. దేశ విభజన అప్పుడు ఇంకా చిన్నపిల్లాడు. కుటుంబం అంతా వదులుకుని ఇటు వచ్చి పటియాలా చేరింది. బడికి వెళ్ళాల్సిన వయసులో మిఠాయి బిళ్ళలు అమ్మి నాలుగు డబ్బులు ఇంటికి తెచ్చారు. తర్వాత చండీగఢ్ వెళ్ళి అరటిపళ్ళ వ్యాపారం పెట్టారు. కష్టపడ్డారు, వ్యాపారం నిలబడింది, ఆస్తులు కూడా సమకూరాయి.

ఇక్కడిదాకా మనకి తెలిసిన కథే. పేదరికం నుంచి పైకొచ్చినవాళ్ళ వీడియోలు మనం బోలెడు చూశాం. ఈయన కథ దీని తర్వాతే మొదలవుతుంది.

1981లో కొడుకు పుట్టినరోజున, చండీగఢ్ సెక్టార్ 26 మార్కెట్ దగ్గర పిల్లలకి లంగర్ పెట్టారు. లంగర్ అంటే సిక్కు గురువులు నిలబెట్టిన అన్నదాన సంప్రదాయం. కులం లేదు, హోదా లేదు, అందరికీ ఒకే వరస, ఒకే అన్నం. ఆ రోజు ఆ పిల్లలు తింటుంటే ఆయనకి తన చిన్నతనం కనిపించింది. ఇక ఆపలేదు.

2000 నుంచి అక్కడి పెద్దాసుపత్రి పీజీఐ బయట రోజూ పెట్టడం మొదలుపెట్టారు. ఆ ఆసుపత్రికి పంజాబ్, హర్యానా, హిమాచల్, ఇంకా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రోగులు వస్తారు. రోగికి మంచం దొరుకుతుంది. తోడొచ్చినవాళ్ళ ఆకలి ఎవరికి పడుతుంది? ఆయన బండి వాళ్ళ కోసం వచ్చేది. అన్నం, పప్పు, రొట్టె, హల్వా, అరటిపండు. పిల్లలుంటే వాళ్ళకి వేరే తాయిలాలు. జనం ఆయన్ని ‘లంగర్ బాబా’ అన్నారు.

ఖర్చు పెరిగింది. ఆయన ఆస్తులు ఒక్కొక్కటిగా అమ్మారు. ఆయనకే క్యాన్సర్ వచ్చింది. లంగర్ మాత్రం నడిచింది. 2020లో పద్మశ్రీ ప్రకటించారు. 2021 నవంబర్‌లో ఆయన వెళ్ళిపోయారు.

ఆసుపత్రి బయట అన్నం అంటే ఏంటో నాకు వేరేవాళ్ళు చెప్పక్కర్లేదు. నాలుగేళ్ళ క్రితం నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. అమ్మ ఐసీయూ ముందు కూర్చునేది, నేను కింద మెట్ల మీద. అంతకుముందు రోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. జేబులో డబ్బులున్నాయి, ఫోన్‌లో యాప్ ఉంది. అయినా తినాలన్న ధ్యాసే లేదు. అప్పుడొక పెద్దాయన స్కూటర్ మీద స్టీలు డబ్బాలు పెట్టుకుని వచ్చారు. అందరికీ ఇస్తూ నా దగ్గరికి వచ్చారు.

నేను చెయ్యి చాపలేదు. “వద్దండీ, నాకు అవసరం లేదు, నేను జాబ్ చేస్తాను” అన్నాను. ఎంత పిచ్చి మాటో చూడండి!

ఆయన నవ్వి, “జాబ్ చేసేటోళ్ళకి ఆకలి కాదా బిడ్డా? తిను, వేడిగుంది” అని పులిహోర ప్లేటు చేతిలో పెట్టి, పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. నా పేరు అడగలేదు. ఫొటో తీసుకోలేదు. రెండు ముద్దలు తిన్నాక ఏడుపొచ్చింది. ఆ రోజు నాకు ఆకలి కంటే ఎక్కువగా ఒంటరితనం ఉంది. ఆ ప్లేటు దాన్ని తీసేసింది. తర్వాత వాచ్‌మన్‌ని అడిగితే, ఆయనకి దగ్గర్లోనే చిన్న టిఫిన్ సెంటర్ ఉందని చెప్పాడు.

గీత 17వ అధ్యాయంలో కృష్ణుడు దానాన్ని మూడు రకాలుగా చెప్తాడు. తిరిగి మనకేమీ చేయలేనివాళ్ళకి, ఇవ్వాలి కాబట్టి ఇచ్చేది, సరైన చోట, సరైన సమయంలో ఇచ్చేది సాత్త్వికం. ఏదో తిరిగొస్తుందని ఇచ్చేది రాజసం. అవమానించి, విసిరేసినట్టు ఇచ్చేది తామసం. ఈ శ్లోకాలు నేను చాలాసార్లు చదివాను. అర్థమైంది మాత్రం ఆ మెట్ల మీదే. ఆసుపత్రి గేటు సరైన చోటు. రోగి పక్కనున్నవాళ్ళకి ఆకలేసే వేళ సరైన సమయం. పేరు కూడా అడగకపోవడం సాత్త్వికం.

ఇప్పుడు నా సంగతి. నాకు 28 ఏళ్ళు, మంచి జీతం. అందరిలాగే నేనూ ఒక లిస్ట్ పెట్టుకున్నాను. ముందు ఫ్లాట్, తర్వాత కారు, తర్వాత పెళ్ళి, ‘సెటిల్ అయ్యాక’ సేవ. ప్రతి హైక్‌కీ ఆ ‘సెటిల్’ అనే గీత ఇంకాస్త ముందుకి జరుగుతోంది. ఆహుజా గారు వ్యాపారం మూసేసి సేవకి రాలేదు. అమ్మే చేత్తోనే పెట్టారు. మన కోనసీమలో, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు కూడా అంతే. 1909లో కన్నుమూసేదాకా, తన వంటింటి నుంచే వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టారు. ఇవాళ ఆంధ్రా బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే ఉంది. తులాధారుడికి కొట్టు, సీతమ్మ గారికి వంటిల్లు, ఆహుజా గారికి మండీ. సాధన జరిగింది రోజూ నిలబడే చోటే.

అలాగని ‘అందరం ఆస్తులు అమ్మేద్దాం’ అని చెప్పట్లేదు. ఇంటి ఈఎంఐ, అమ్మానాన్నల మందులు కూడా ధర్మమే. నాకు అంత గుండె ధైర్యం లేదని కూడా ఒప్పుకుంటాను. కానీ ఆయన మొదటి రోజు ఆస్తి అమ్మలేదు కదా. కొడుకు పుట్టినరోజున ఒక్క పూట అన్నం పెట్టారు, అంతే. మనం తీసుకోవాల్సింది ఆ మొదటి పూట.

అందుకే ఈ నెల నేనొక సంకల్పం చేసుకున్నాను. మొదటి శనివారం పొద్దున్నే ఆ టిఫిన్ సెంటర్‌కి వెళ్ళాలి. అవును, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. థ్యాంక్స్ కూడా చెప్పలేదు. వెళ్ళి డబ్బులిచ్చి వచ్చేయను. డబ్బాలు మోయడానికి ఒక మనిషి కావాలేమో అడుగుతాను.

మీరు కూడా ఒక్క పని చేయండి. మీ ఆకలి వేళ మీకు అన్నం పెట్టిన ఒక మనిషిని ఈ రోజు తలుచుకోండి. బతికుంటే ఫోన్ చేయండి. లేకపోతే వాళ్ళ పేరు మనసులో చెప్పుకుని, ఒక్కరికి ఒక్క పూట పెట్టండి. మనం వాళ్ళకి చేసే తర్పణం అదే.

జై శ్రీకృష్ణ. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.